పురిటి పిల్లల టీకాలు, పెద్దల టీకాలు: అపోహలు - వాస్తవాలు

అపోహ: పురుడు వెళ్లాక మంచిరోజు చూసి టీకాలు మొదలుపెట్టవచ్చు.

వాస్తవం: క్షయ రాకుండా వేసే బి.సి.జి., పోలియో చుక్కలు కొన్ని రోజులు ఆలస్యమైనా సర్దుకోవచ్చు గానీ, హెపటైటిస్-బి టీకాకు ఆ వెసులుబాటు లేదు. తల్లి రక్తంలో ఆ వైరస్ ఉంటే ప్రసవ సమయంలోనే బిడ్డకు సోకే ప్రమాదం ఉంటుంది కాబట్టి, టీకా పుట్టిన 24 గంటల్లోపే పడాలి. ఆరోగ్యవంతులైన పెద్దలకు ఈ వైరస్ సోకితే నూటికి 95 మందికి పైగా కోలుకుంటారు. పసికందుల్లో మాత్రం నూటికి 90 మందిలో అది కాలేయంలో తిష్ఠ వేసి, ఏళ్ల తరబడి చడీచప్పుడు లేకుండా ఉండి, చివరకు సిరోసిస్‌కో (కాలేయం మచ్చలు పడి గట్టిపడటం) క్యాన్సర్‌కో దారితీయవచ్చు. పురుడు వెళ్లే 11వ రోజు దాకా ఆగడమంటే టీకా అసలు ప్రయోజనాన్ని చాలావరకు వదులుకోవడమే.

అపోహ: ఎడమ భుజం మీద చీము పట్టింది, సూది వికటించింది.

వాస్తవం: బి.సి.జి. వేసిన కొన్ని వారాలకు చిన్న గడ్డ లేచి, పొక్కై, చితికి, ఎండి మచ్చ మిగలడం మామూలే. ఆ పొక్కు మీద పసుపు ముద్ద అద్ది, పైన గుడ్డ బిగించి తెచ్చిన బిడ్డలను నేను తరచూ చూస్తుంటాను. ఆ పుండును పొడిగా, శుభ్రంగా ఉంచితే చాలు. చంకలో గడ్డ పెరుగుతుంటే మాత్రం డాక్టరుకు చూపించాలి.

అపోహ: టీకాలు పిల్లలకే, అరవై దాటినవారికి ఎందుకు?

వాస్తవం: వయసుతో రోగనిరోధక శక్తి తగ్గుతుంది, షుగరు, ఆస్తమా ఉంటే ముప్పు ఇంకా ఎక్కువ. 2021 నుంచి దేశమంతటా పిల్లలకు ఉచితంగా వేస్తున్న న్యూమోకాకల్ టీకా ఏ బ్యాక్టీరియాను అడ్డుకుంటుందో, వృద్ధుల్లో న్యుమోనియా తెచ్చేవాటిలో అదీ ముఖ్యమైనదే. సర్పి (షింగిల్స్) రాకుండా 50 దాటినవారికి రెండు మోతాదుల టీకా ఉంది. దాని ఖరీదు ఎక్కువేనని ఒప్పుకోవాలి.

అపోహ: ఫ్లూ టీకాతోనే ఫ్లూ వచ్చింది.

వాస్తవం: సూదితో ఇచ్చే ఫ్లూ టీకాలో బతికున్న వైరస్ ఉండదు. ఒకటి రెండు రోజులు ఒళ్లునొప్పులు, నలతగా ఉండటం సహజం. రక్షణ ఏర్పడటానికి సుమారు రెండు వారాలు పడుతుంది గనుక ఆలోగా ఫ్లూ సోకితే నింద టీకా మీద పడుతుంది. వైరస్ రూపు మార్చుకుంటూ ఉంటుంది కాబట్టి ఈ టీకాను ఏటా వేయించుకోవాలి.

ఆరు నెలల లోపు బిడ్డకు ఫ్లూ టీకా వేయరు. ఇంట్లోని పెద్దల నుంచి బిడ్డకు ఫ్లూ అంటకుండా చూసుకోవాలి. అందుకే మనవడికి సూది వేయించడానికి వచ్చిన నాయనమ్మను, "మీరు ఫ్లూ టీకా వేయించుకున్నారా అమ్మా?" అని కూడా అడుగుతుంటాను.