మెదడు లేని జీవులు: అపోహలు - వాస్తవాలు

చెన్నైలో డిగ్రీ పిల్లలకు జువాలజీ చెబుతాను. బీసెంట్ నగర్ బీచ్‌లో మనవాళ్ల పిల్లలు నీలిరంగు జీవుల్ని చేత్తో ఏరుతుంటే నాకు నిజంగా టెన్షన్. అందుకే ముందు అదే.

అపోహ: ఒడ్డున పడి చచ్చిపోయిన జెల్లీఫిష్ కుట్టదు.

వాస్తవం: కుడుతుంది. దంశకణానికి, అంటే కుట్టే కణానికి, మెదడు ఆజ్ఞ అక్కర్లేదు. కణం లోపల సన్నటి గొట్టం చుట్ట చుట్టుకుని, విపరీతమైన ఒత్తిడిలో ఉంటుంది. చర్మం తగలగానే మూత తెరుచుకుని, గొట్టం లోపలిది బయటికి తిరగబడుతూ దూసుకొచ్చి విషం దించుతుంది. జెల్లీఫిష్‌కు చుట్టమైన హైడ్రా అనే చిన్న మంచినీటి జీవిలో కొలిస్తే ఆ తొలి పోటుకు సెకనులో పది లక్షల వంతు కూడా పట్టలేదు! బీచ్‌లో పిల్లలు ఏరే ఆ నీలిరంగు జీవి, బ్లూబాటిల్, దాని నీలి బుడగ కింద వేలాడే దారం తెగి ఇసుకలో పడున్నా ఇంతే. (బ్లూబాటిల్ అసలు ఒక్క జీవి కాదు. తేలేది, వేటాడేది, అరిగించేది, అన్నీ వేర్వేరు జీవులు అతుక్కుని కలిసి బతికే గుంపు, అంటే సహనివేశం.)

అపోహ: కుట్టినచోట ఇసుకతో రుద్దాలి, మూత్రం పోయాలి.

వాస్తవం: రెండూ వద్దు. రుద్దితే అప్పటిదాకా పేలని కణాలు కూడా పేలతాయి. సముద్రపు నీళ్లతోనే కడిగి, అంటుకున్న దారాల్ని ట్వీజర్‌తో తీయండి. కుట్టింది బ్లూబాటిలే అయితే ఆ భాగాన్ని ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో, 45 డిగ్రీలు దాటకుండా, 20 నిమిషాలు ఉంచితే నొప్పి తగ్గుతుంది. ఆయాసం వచ్చినా, ముఖం వాచినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

అపోహ: స్పాంజ్ ఒక మొక్క.

వాస్తవం: జంతువే. ఒక్క నాడీకణం లేకుండానే నీళ్లు వడగట్టి, అందులోని బ్యాక్టీరియాను తిని బతుకుతుంది. 1907లో విల్సన్ అనే శాస్త్రవేత్త స్పాంజ్‌ను సన్నటి గుడ్డలోంచి పిండి కణాలుగా విడగొడితే, అవి మళ్లీ కలిసి స్పాంజ్‌గా తయారయ్యాయి. ఒంటికి రుద్దుకునే బీరపీచు మాత్రం మొక్కదే.

అపోహ: వానపామును రెండుగా కోస్తే రెండవుతాయి.

వాస్తవం: అది ప్లనేరియా అనే చిన్న చదునైన పురుగుకు చెల్లుతుంది. వానపాముకు కాస్త మెదడుంది గానీ, ఒంటి మీద కనిపించే ప్రతి ఖండితంలోనూ (ఉంగరం లాంటి భాగంలోనూ) ఓ నాడీసంధి, అంటే నాడీకణాల ముద్ద, ఉండటంతో తెగిన తోక కూడా కొంతసేపు మెలికలు తిరుగుతుంది. దాన్ని చూసి బతికిందనుకుంటాం. గుండెలు, జననాంగాలు ముందు భాగంలోనే ఎక్కువ. అందుకే బాగా వెనక తెగితే ముందు ముక్క కోలుకుని తోక పెంచుకోవచ్చు, తోక ముక్క మాత్రం సాధారణంగా చచ్చిపోతుంది. మేడ మీద వర్మీకంపోస్ట్ తొట్టి ఉన్నవాళ్లు పార వాడకండి, చేత్తోనే తిరగేయండి.