లైసిన్ల వివాదం: లెక్క తప్పింది 16 మంది దగ్గర

మందులకు లొంగని స్టెఫైలోకాకస్ బ్యాక్టీరియా మాట వచ్చినప్పుడల్లా, బ్యాక్టీరియా కవచాన్ని కోసే ఎంజైములైన లైసిన్ల మీద వాదన మళ్లీ రాజుకుంటోంది. ఎక్సెబకేస్ అనే లైసిన్ మందు మూడోదశ పరీక్ష 2022 జూలైలో మధ్యలోనే ఆగింది కాబట్టి ఈ ఎంజైముల పని అయిపోయిందని కొందరు, ఓడింది ఒక్క మందేనని మరికొందరు. ఇప్పుడు తీయాల్సింది ఆ మందు రెండోదశ ఫలితాల పట్టిక.

అందులో రోగులందరికీ మామూలు యాంటీబయాటిక్‌లు ఇచ్చారు. కొందరికి అదనంగా ఎక్సెబకేస్ ఒకే ఒక్క మోతాదు, కిలో బరువుకు 0.25 మిల్లీగ్రాములు (కిడ్నీలు దెబ్బతిన్నవారికి 0.12), నరంలోకి ఎక్కించారు. 14వ రోజుకి ఎంజైమ్ అందిన 71 మందిలో 50 మందికి, అందని 45 మందిలో 27 మందికి గుణం కనిపించింది. 70 శాతానికి 60 శాతం. ఇంత తక్కువమందిలో ఆ తేడా యాదృచ్ఛికంగానూ రావచ్చు.

ఎంఆర్‌ఎస్‌ఏ (మెథిసిలిన్ లాంటి మందులకు లొంగని స్టెఫైలోకాకస్) సోకినవారిని విడదీసేసరికి బొమ్మ మారిపోయింది: ఎంజైమ్ వైపు 27లో 20, యాంటీబయాటిక్‌లు మాత్రమే వాడినవైపు 16లో 5. అంటే 74 శాతానికి 31. 2020లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇచ్చిన బ్రేక్‌త్రూ (పరిశీలన త్వరగా సాగేందుకిచ్చే) హోదాకూ, తర్వాతి పరీక్షకూ పునాది ఈ తేడాయే. నా ఉద్దేశంలో అనుమానించాల్సిన అంకె ఆ 31. పదహారుమందిలో ఇంకో నలుగురు కోలుకుని ఉంటే అది 56 అయ్యేది. మూడోదశలో జరిగింది దాదాపు అదే: ఎంఆర్‌ఎస్‌ఏ రోగుల్లో యాంటీబయాటిక్‌లతోనే 33లో 20 మందికి గుణమిచ్చింది, ఎంజైమ్ కలిపితే 64లో 32 మందికి. తయారీ సంస్థ కాంట్రాఫెక్ట్ 2023 చివర్లో దివాలాకు వెళ్లింది.

ఎంజైమ్ కోత మాత్రం నిజమే. ఒక కొస బ్యాక్టీరియా కణకవచాన్ని పట్టుకుంటుంది, రెండో కొస ఆ కవచం అల్లికైన పెప్టిడోగ్లైకాన్ బంధాల్ని తెంపుతుంది, లోపలి ఒత్తిడికి కణం పగిలిపోతుంది. 2001లో రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో శాస్త్రవేత్త ఫిషెట్టి బృందం 10 నానోగ్రాముల లైసిన్‌తో కోటి స్ట్రెప్టోకాకస్ కణాలను 5 సెకన్లలో చంపింది. గ్రామ్ నెగటివ్ అనే బ్యాక్టీరియా రకాలకు బయట మరో పొర ఉంటుంది. దాన్ని దాటించే పెప్టైడ్ (చిన్న ప్రోటీన్ ముక్క) అతికిస్తే తప్ప మామూలుగా లైసిన్ లోపలికి చేరదు.

ఎంజైమ్ అందేసరికే యాంటీబయాటిక్‌లు పనిచేస్తున్నాయి కాబట్టి మూడోదశలో తేడా బయటపడలేదని సమర్థకులు అంటారు. కానీ రెండోదశలోనూ రోగులు యాంటీబయాటిక్‌ల మీదే ఉన్నారు.