విల్లుతో వేటాడేవారికి బాణపు కాడలు: అపోహలు - వాస్తవాలు

పెన్సిల్వేనియాలోని ఎక్కువ ప్రాంతాల్లో విల్లుతో జింకలను వేటాడే కాలం అక్టోబరులో మొదలవుతుంది. దానికి ముందు వచ్చే వేసవి నెలల్లో, బాణాలను కొలిచి, కోసి, ములికీ ఈకలూ అమర్చి ఇచ్చే పనిలో ఉన్న నాలాంటివారికి తీరిక దొరకదు. కొత్తగా విల్లు పట్టినవారు, వారిలో తెలుగువారు కూడా, దాదాపు అందరూ అడిగే మొదటి ప్రశ్న ఒకటే: కార్బన్ కాడ మంచిదా, అల్యూమినియం కాడ మంచిదా? నా దృష్టిలో అంతకన్నా ముందు తేల్చుకోవలసిన ప్రశ్నలు రెండున్నాయి. నా విల్లు బలానికీ (నారిని లాగడానికి పౌండ్లలో ఎంత బలం కావాలో దానికీ), నేను బిగించే ములికి బరువుకూ ఏ కాడ సరిపోతుంది? ఆ కాడ పాడైనప్పుడు ఎలా పాడవుతుంది, ఆ సంగతి నాకు కంటికి కనబడుతుందా?

ఇక్కడ చెబుతున్నదంతా వేటకు చట్టబద్ధమైన అనుమతి ఉన్న అమెరికా రాష్ట్రాలకు సంబంధించినది. భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి జంతువులను వేటాడటం నేరం. విల్లుతో వేటాడినా ఆ చట్టం వర్తిస్తుంది.

అపోహ: కార్బన్ వచ్చాక అల్యూమినియానికి కాలం చెల్లింది.

వాస్తవం: డగ్ ఈస్టన్ 1939లో అల్యూమినియం బాణాల తయారీ మొదలుపెట్టాడు. ఆ తరువాత కొన్ని దశాబ్దాల పాటు అమెరికా వేటగాళ్లకు నమ్మకమైన కాడ అదే. ఇప్పుడు కార్బన్ వాడకం ఎక్కువైన మాట నిజమే కాని, అల్యూమినియానికి ఉన్న గుణాలు ఎక్కడికీ పోలేదు. ఒకే పరిమాణపు కాడలను డజను తీసుకుంటే వాటి బరువు, వంపు, గోడ మందం ఒకదానికొకటి చాలా దగ్గరగా ఉంటాయి, పైగా ధర కూడా తక్కువ. కాడపై ఉండే అంకెలే దాని కొలతలను చెబుతాయి: 2117 అని ఉంటే వెలుపలి వ్యాసం అంగుళంలో 64వ వంతులు 21 అనీ, గోడ మందం అంగుళంలో వెయ్యో వంతులు 17 అనీ అర్థం. 2413 కాడ గోడ అంతకన్నా పలచన, అయినా వ్యాసం పెరిగినందువల్ల అది 2117 కన్నా తేలికగానూ, ఎక్కువ బిగువుగానూ ఉంటుంది. గోడ మందంగా ఉన్న కాడే గట్టిదని అనుకునేవారికి నేను ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూపిస్తాను.

అల్యూమినియం, కార్బన్ కాడల మధ్య అసలు తేడా అవి దెబ్బతినే తీరులో ఉంది. అల్యూమినియం వంగుతుంది, సొట్టపడుతుంది. చదునైన బల్ల మీద దొర్లిస్తే వంపు తెలిసిపోతుంది, కొద్దిపాటి వంపైతే సరిచేసే పరికరంతో తిన్నగా చేయవచ్చు. కార్బన్ కాడ వంగి ఉండిపోదు. దెబ్బ తగిలినా మళ్లీ తిన్నగా నిలబడుతుంది, కాని లోపలి పోగులు చీలి ఉండవచ్చు. చూపుకు బాగున్నంత మాత్రాన అది బాగున్నట్టు కాదు.

అపోహ: కార్బన్ కాడ తిన్నగా ఉంటే చాలు, వేరే పరీక్ష అక్కరలేదు.

వాస్తవం: చీలిన కార్బన్ కాడను కాంపౌండ్ విల్లు (చివర్లలో చక్రాలుండే ఆధునిక విల్లు) నుంచి వదిలినప్పుడు అది ముక్కలై విల్లు పట్టిన చేతిలోకి, మణికట్టులోకి దిగబడే ప్రమాదం ఉంది. అందువల్ల ప్రతిసారీ వదిలేముందు కాడను రెండు చేతులతో పట్టుకుని, ముఖానికి దూరంగా, కొద్దిగా వంచి, తిప్పుతూ అన్ని వైపులా అలాగే వంచి చూడాలి. తరువాత రెండు చివరలనూ పట్టుకుని మెలితిప్పి చూడాలి. చిటపట శబ్దం వచ్చినా, ఒకచోట మెత్తగా అనిపించినా, వేలికి గీత తగిలినా ఆ కాడను విరిచి పారవేయాలి. విరవకుండా మూలన పెడితే ఎవరో ఒకరు మళ్లీ తీసి వాడతారు. ఒక బాణం మరొక బాణాన్ని తాకినా, రాయికి గాని, గురి వెనుక ఉన్న చెక్కకు గాని తగిలినా ఈ పరీక్ష తప్పనిసరి. దీనికి పట్టేది కొద్ది సెకన్లే కాబట్టి, చేయకపోవడానికి నేను ఏ కారణాన్నీ ఒప్పుకోను.

అపోహ: కాడ మీద 400 అని ఉంటే అది నా విల్లుకు సరిపోతుంది, నా స్నేహితుడు కూడా అదే వాడుతున్నాడు.

వాస్తవం: నేను చూసే ఇబ్బందుల్లో ఎక్కువ భాగం ఈ అపోహ నుంచే పుడతాయి. ఆ అంకెను స్పైన్ అంటారు. 29 అంగుళాల కాడను 28 అంగుళాల ఎడంతో ఉన్న రెండు ఆధారాల మీద ఉంచి, మధ్యలో 1.94 పౌండ్ల బరువు వేలాడదీసినప్పుడు అది ఎంత వంగుతుందో ఆ అంకె చెబుతుంది. 500 అంటే అర అంగుళం, 400 అంటే అంగుళంలో పదింట నాలుగు వంతులు. అంటే అంకె తగ్గేకొద్దీ బిగువు పెరుగుతుంది. అల్యూమినియం 2117 కూడా సుమారు 400 స్పైన్ కాడే, కార్బన్‌లోనూ 400 దొరుకుతుంది. రెండింటి వంపూ ఒకటే అయినా అల్యూమినియం కాడ అంగుళానికి 12 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే పౌండులో ఏడువేలో వంతు) వరకు తూగుతుంది, వేటకు వాడే కార్బన్ కాడ సాధారణంగా 8, 9 గ్రెయిన్ల దగ్గర ఉంటుంది. 28 అంగుళాల బాణంలో ఆ తేడా వంద గ్రెయిన్ల దాకా వెళుతుంది.

కాడ కదలకుండా ఉన్నప్పుడు కొలిచిన వంపు ఒకటి, నారి నెట్టినప్పుడు అది వంగే తీరు మరొకటి. కాడ పొడవు పెరిగినా, ముందు బిగించిన ములికి బరువు పెరిగినా అది మెత్తని కాడలా ప్రవర్తిస్తుంది. విల్లు బలం పెరిగితే మరింత బిగువైన కాడ కావాలి. 100 గ్రెయిన్ల ములికితో చక్కగా ఎగిరిన బాణానికి 150 గ్రెయిన్ల ములికి బిగిస్తే అది అదే బాణంగా ఉండదు. సాధన ములికితో ఈ లోపం చాలావరకు దాగి ఉంటుంది. వెడల్పాటి రెక్కలుండే వేట ములికి బిగించగానే ఆ రెక్కలు గాలిని పట్టి బాణాన్ని పక్కకు లాగుతాయి. అందుకే వేటకు వెళ్లే ముందు, వాడబోయే ములికితోనే వదిలి, రెండు రకాల ములుకులూ ఒకేచోట దిగుతున్నాయో లేదో చూసుకోవాలి. ఊగుతూ వెళ్లిన బాణం జంతువును ఏటవాలుగా తాకి, తన బలాన్ని కాడ వంగడంలోనే పోగొట్టుకుంటుంది. విల్లుతో వేటలో జంతువు చనిపోయేది పదునైన అంచు రక్తనాళాలను కోయడం వల్ల గనుక, లోతుగా దిగని బాణం దానికి అనవసరమైన బాధను మిగులుస్తుంది. తయారీదారుల పట్టికలో కాడ పొడవు, ములికి బరువు, విల్లు బలం మూడూ సరిచూడకుండా కాడలు కొనవద్దని నేను పట్టుబట్టేది ఇందుకే.

అపోహ: కాడ ఎంత తేలికైతే అంత మంచిది, వేగమే ముఖ్యం.

వాస్తవం: బాణం మొత్తం బరువు విల్లు బలంలో పౌండుకు కనీసం 5 గ్రెయిన్లు ఉండాలన్నది ఈ రంగంలో సాధారణంగా పాటించే హద్దు. 70 పౌండ్ల విల్లుకు ఇది 350 గ్రెయిన్లు. అంతకు తగ్గితే విల్లు శక్తిని బాణం మోసుకుపోలేదు. మిగిలిన శక్తి విల్లు రెండు కొమ్ములనే కుదిపి, చివరకు వాటిని విరగగొట్టవచ్చు. అలాస్కా, ఐడహో రాష్ట్రాల్లో పెద్ద జంతువుల వేటకు బాణం కనీసం 300 గ్రెయిన్లు తూగాలని నిబంధనే ఉంది.

ఒక లెక్క చూద్దాం. 400 గ్రెయిన్ల బాణం సెకనుకు 280 అడుగుల వేగంతోనూ, 500 గ్రెయిన్ల బాణం 252 అడుగుల వేగంతోనూ వెళుతున్నాయనుకుంటే, రెండింటి గతిశక్తి సుమారు 70 అడుగు-పౌండ్లే. కాని బరువైన బాణం ద్రవ్యవేగం ఎనిమిదో వంతు ఎక్కువ, ఎదురయ్యే నిరోధాన్ని దాటుకుని ముందుకు పోవడానికి అది తోడ్పడుతుంది. 20 గజాల దూరంలో తేలిక బాణం గెలుచుకునే సమయం సెకనులో నలభయ్యో వంతు మాత్రమే. బరువైన బాణంతో విల్లు శబ్దం కూడా తగ్గుతుంది. దూరాన్ని తప్పుగా అంచనా వేస్తే బరువైన బాణం ఎక్కువ కిందికి దిగుతుందన్న అభ్యంతరం సరైనదే గనుక, దూరాన్ని పరికరంతో కొలిచిన తరువాతే వదలాలి.

అపోహ: కర్ర కాడలు అలంకారానికే.

వాస్తవం: చక్రాలు లేని లాంగ్‌బో, రికర్వ్ విల్లులతో వేటాడేవారు ఇప్పటికీ కర్ర కాడలను వాడుతున్నారు. నైరుతి ఓరెగన్‌లో పెరిగే పోర్ట్ ఆర్ఫర్డ్ దేవదారుకు ఇందులో మంచి పేరుంది. కర్రకు స్పైన్‌ను పౌండ్లలో చెబుతారు: 26 అంగుళాల ఎడంలో, 2 పౌండ్ల బరువు కింద కాడ ఎంత వంగిందో చూసి, 26ను ఆ వంపుతో భాగిస్తారు. తేమకు కర్ర వంకరపోతుంది గనుక పూత బాగా వేయాలి, నార కాడ పొడవునా తెగకుండా సాగిందో లేదో చూసుకోవాలి. అయితే కర్ర కాడను కాంపౌండ్ విల్లుకు ఎన్నడూ ఎక్కించకూడదు. ఆ తోపుకు అది పగిలి చేతిని గాయపరుస్తుంది.

అపోహ: తిన్నదనంలో అంగుళంలో వెయ్యో వంతు తేడా మాత్రమే ఉన్న ఖరీదైన కాడలు లేకపోతే గురి కుదరదు.

వాస్తవం: వేట దూరాల్లో 0.001 అంగుళాల కాడకూ, 0.003 అంగుళాల కాడకూ మధ్య తేడాను చాలామంది గుర్తించలేరు. ఆ డబ్బును పదునైన ములుకులకు ఖర్చు చేయడం మేలు.

అపోహ: కాడను ఇంట్లో ఉన్న రంపంతో కోసి, ఏ జిగురుతోనైనా అతికించవచ్చు.

వాస్తవం: కార్బన్‌ను వేగంగా తిరిగే రాపిడి చక్రంతోనే కోయాలి. మామూలు రంపం పోగులను చీలుస్తుంది. ఆ ధూళి ఊపిరితిత్తులకు హానికరం గనుక ముక్కుకు మాస్కు ఉండాలి. అల్యూమినియంలో ఇన్సర్ట్‌ను (ములికిని బిగించడానికి కాడ చివర లోపల అమర్చే ముక్కను) మంటతో కరిగించిన వేడి జిగురుతో అతికించవచ్చు కాని, అదే మంటను కార్బన్‌కు చూపితే పోగులను కలిపి ఉంచే రెజిన్ పాడవుతుంది. దానికి ఎపాక్సీ జిగురు వాడాలి.

అపోహ: జంతువు దొరికాక కాడతో పని ముగిసింది.

వాస్తవం: కార్బన్ కాడ జంతువు శరీరంలో విరిగితే సన్నని పోగులు మాంసంలో ఉండిపోవచ్చు, అవి తిన్నవారికి ప్రమాదం. బాణం ముక్కలన్నింటినీ ఏరి, ఒకదానికొకటి చేర్చి, ఏ భాగమైనా లోపించిందేమో చూడాలి. విరిగినట్టు తేలితే గాయం చుట్టూ ఉన్న మాంసాన్ని ధారాళంగా కోసి తీసివేయాలి, మిగిలిన దానిని శుభ్రమైన నీటితో కడిగి, వేళ్లతో తడిమి చూసిన తరువాతే వంటింటికి పంపాలి.