కిటికీకి అంటించిన కాగితం

చిరంజీవులు పిల్లలకు,

తాతయ్య ఆశీస్సులు. మీ శతకాల పేజీ చూశాను, ముచ్చటగా ఉంది. కానీ ఎడమ పక్క పేర్ల పట్టీ నా ఫోన్లో నరసింహ శతకం దగ్గరే తెగిపోయింది. అక్షరక్రమంలో పెట్టారు కాబట్టి పాపం సుమతి అట్టడుగున ఎక్కడో ఉండిపోయింది. ఎంత జరిపినా వెనక పద్యాలు కదులుతున్నాయే తప్ప పట్టీ కదలదు.

పేజీ రూపాన్ని దిద్దే సీఎస్‌ఎస్‌లో పట్టీకి పొజిషన్: ఫిక్స్‌డ్ అని రాశారు కదా. అంటే దాన్ని పేజీలోంచి ఊడదీసి తెరకు అంటించారన్నమాట. బస్సు కిటికీ అద్దానికి కాగితం అంటించారనుకోండి. చెట్లు వెనక్కి పోతుంటాయి, కాగితం ఉన్నచోటే ఉంటుంది. అది అద్దంకన్నా పొడుగైతే కింది ముక్క రేకు చాటున పడుతుంది. బస్సు ఎన్ని ఊళ్లు దాటినా ఆ ముక్క పైకి రాదు.

పట్టీ లోపలే జరగాలంటే, సరుకు పొర్లినప్పుడు స్క్రోల్ ఇచ్చే ఓవర్‌ఫ్లో-వై: ఆటో అని రాస్తే చాలనుకుంటారు. నేనూ అలాగే అనుకుని ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను. ఎత్తుకు హద్దు లేకపోతే పెట్టె లోపలి సరుకును బట్టి సాగుతూనే పోతుంది. దాని లెక్కలో ఏదీ పొర్లలేదు, ఇక స్క్రోల్ ఎందుకొస్తుంది? అందుకని టాప్, బాటమ్ రెండూ ఇవ్వండి. పైన మీ హెడర్ 60 పిక్సెళ్లు ఉంది కాబట్టి టాప్: 60 పిక్సెళ్లు, బాటమ్: 0. హైట్ జోలికి పోకండి. అక్కడ 100 శాతం అని రాశారో, హెడర్ తోసిన 60 పిక్సెళ్లూ కిందనుంచి బయటికి పోతాయి, మళ్లీ సుమతి గల్లంతు. 100 వీహెచ్, అంటే తెర మొత్తం ఎత్తు, అన్నా అంతే. పైగా ఫోన్లలో అది అడ్రస్ బార్ దాక్కున్నప్పటి ఎత్తు. బార్ కనిపిస్తున్నంతసేపూ ఇంకాస్త కిందికి జారుతుంది.

ఇంకొకటి. పట్టీ చివరికొచ్చాక కూడా వేలితో లాగుతుంటే వెనక పద్యాలు పరుగెడతాయి, నాలాంటి వాడికి చదువుతున్న చోటు పోతుంది. ఓవర్‌స్క్రోల్-బిహేవియర్: కంటెయిన్ అని ఒక వరుస చేర్చండి.

ఇంత చేసినా పట్టీ తెరను వదిలేసి పేజీతోపాటు కదిలిపోతుంటే, దాన్ని లోపల పెట్టుకున్న ఏ డివ్‌కైనా, అంటే బయటి పెట్టెకైనా, ట్రాన్స్‌ఫార్మ్ (పెట్టెను జరిపే, తిప్పే ఆజ్ఞ) ఇచ్చారేమో వెతకండి. అది ఉంటే ఫిక్స్‌డ్ తెరకు కాక ఆ డివ్‌కే అంటుకుంటుంది. మొన్న పట్టీకి జారుడు సోకు పెట్టానన్నాడు చిన్నోడు, నాకు అక్కడే అనుమానం.

సరిచేశాక కబురు పెట్టండి. ఈ పాత ఫోన్లోనే తెరిచి సుమతి మీద నొక్కి చూస్తాను.

మీ తాతయ్య