నేరుగా పోతే ఎక్కువ, దిగి ఎక్కితే తక్కువ: విమానం టికెట్ వెనక లెక్క

మొన్న జడ్చర్లలో ట్రావెల్స్ షాపులో మా పక్కింటి పెద్దమ్మ అడిగిన మాట ఇది: "నేరుగా లండన్ పోయే విమానానికి ఎక్కువంటున్నరు. దుబాయిల దిగి ఇంకోటి ఎక్కితే తక్కువంటున్నరు. రెండుసార్లు లేస్తది, రెండుసార్లు దిగుతది, నూనె ఎక్కువ కాలదా కొడుకా?" బిడ్డ కాన్పుకు పోతోంది ఆమె. షాపతను "సిస్టమ్‌ల అట్లనే చూపిస్తది పెద్దమ్మా" అన్నాడు. ఆ జవాబు నాకు సరిపోలేదు.

ఆమె లెక్క తప్పేం కాదు. పాలమూరులో బస్సెక్కితే షాద్‌నగర్‌కు ఒక చార్జీ, శంషాబాద్‌కు ఇంకాస్త ఎక్కువ. దూరాన్ని బట్టి టికెట్. విమానాలు కూడా ఒకప్పుడు చాలావరకు ఇదే దారిలో నడిచాయి. 1945లో హవానాలో ఏర్పడిన విమాన కంపెనీల సంఘం ఐయాటా సమావేశాల్లో కంపెనీలన్నీ కూర్చుని విదేశీ రూట్ల చార్జీలు ఖరారు చేసుకునేవి, ప్రభుత్వాలు ఆమోదించేవి. అమెరికాలో దేశీయ చార్జీలు ఒక ప్రభుత్వ బోర్డు చేతిలో ఉండేవి. 1978లో చట్టం మారి ఆ పట్టు వదిలింది. మన దగ్గర విమాన కంపెనీలను 1953లో జాతీయం చేసిన చట్టం 1994 దాకా ఉంది. 2003లో ఎయిర్ డెక్కన్ వచ్చాకే చవక టికెట్ మాట మామూలు ఇళ్లకు చేరింది.

అసలు మలుపు మాత్రం ఒక చిన్న ఆలోచనతో వచ్చింది. సాయంత్రం మిగిలిన టమాటలను సగం ధరకైనా అమ్ముకోవచ్చు. విమానం లేచాక ఖాళీ సీటుకు రూపాయి రాదు. అలాగని అన్నీ ముందే చవగ్గా అమ్మేస్తే, చివర్లో ఎంతైనా పెట్టి కొనేవాళ్లకు సీటుండదు. ఎన్ని సీట్లు చవగ్గా ఇవ్వాలి, ఎన్ని ఆపుకోవాలి? బ్రిటన్ కంపెనీ బీఓఏసీలో పనిచేసిన లిటిల్‌వుడ్ 1972లో దీనికి సూత్రం చెప్పాడు. 1985లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ ఈ పద్ధతితోనే చవక టికెట్ల పీపుల్ ఎక్స్‌ప్రెస్‌ను దెబ్బకొట్టింది. 1987 మొదట్లోనే పీపుల్ ఎక్స్‌ప్రెస్ కనుమరుగైంది.

ఇక పెద్దమ్మ ప్రశ్న. శంషాబాద్‌లో దుబాయి విమానం ఎక్కండి. ఒక సీట్లో పనికి పోతున్న జగిత్యాల మనిషి, పక్కన అమెరికా పోతున్న నల్లగొండ కుర్రాడు, ఆ పక్కన లండన్ పోయే అమ్మ. ముగ్గురిదీ ఒకే విమానం. కానీ కంపెనీ చూసేది ప్రయాణం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందనేది. హైదరాబాద్ నుంచి లండన్‌కు నేరుగా పోయే విమానాలు తక్కువ. దుబాయి, దోహా, అబుదాబి మీదుగా పోయే దారులు ఎన్నో. పోటీ ఎక్కువున్న చోట ధర దిగుతుంది. నేరుగా పోయే టికెట్‌కు మిగిలే గంటల ఖరీదు కూడా కలుస్తుంది.

చవగ్గా ఇస్తే నష్టం కాదా? దుబాయి-లండన్ విమానంలో ఖాళీ సీట్లుంటే పెద్దమ్మ వల్ల రెండు విమానాల్లో రెండు సీట్లు నిండుతాయి. రెండు సీట్లకూ వేరేవాళ్ల నుంచి రాగల డబ్బు కంటే ఆమె ఇచ్చే మొత్తం ఎక్కువైతే కంప్యూటర్ సరేనంటుంది. అందుకే పండగ సీజన్‌లో ఆ రెండు విమానాల్లో ఒకటి నిండిపోతే, దిగి ఎక్కే టికెట్ కూడా ఒక్కసారిగా పైకి పోతుంది. 1985లో రెండు అద్దె విమానాలతో మొదలైన దుబాయి కంపెనీ ఎమిరేట్స్ ఇంతగా ఎదిగింది ఇలా రెండు దేశాల మధ్య జనాన్ని తన ఊరి మీదుగా తిప్పే కదా.

కొనేముందు ఒక్క జాగ్రత్త. ఒకే టికెట్ మీద మొదటి విమానం ఎక్కకపోతే, మిగతా ప్రయాణం మొత్తం మామూలుగా రద్దవుతుంది. ఇది తెలియక ఇబ్బంది పడ్డవాళ్లను చూశాను.

ఇదంతా చెప్తే పెద్దమ్మ ఓపిగ్గా విన్నది. చివరికి నేరుగా పోయే టికెట్టే తీసుకుంది. "దుబాయిల గేటు ఏడుందో ఎవరినడగాలె? నాకు ఇంగ్లీషు రాకపాయె" అన్నది. ఆ ఎక్కువ డబ్బు ఆమె కట్టింది ఆ టెన్షన్ తప్పించుకోవడానికే.