థీమ్ పార్కులో అలకపాన్పు: అపోహలు - వాస్తవాలు

నల్లగొండ నుంచి బస్సు మాట్లాడి బడిపిల్లలను, ఉద్యోగుల కుటుంబాలను, ఒక్కోసారి పెళ్లయ్యాక ఇంట్లో మిగిలిపోయిన చుట్టాలందరినీ హైదరాబాద్ చుట్టుపక్కల పార్కులకు తిప్పడం నా పని. తిరుగు ప్రయాణంలో బస్సులో దీపాలు ఆర్పగానే ఎవరు హాయిగా నిద్రపోతారో, ఎవరు గొణుగుతారో చెప్పగలను. గొణిగేవారు చెడ్డవారేమీ కారు. కొన్ని తప్పుడు నమ్మకాలను పొద్దునే సద్దిమూటతో పాటు కట్టుకుని వచ్చి ఉంటారు, అంతే.

అపోహ: ఇంత పెట్టి టికెట్ కొన్నాం, అన్నీ ఎక్కితేనే గిట్టుబాటు.

మిగతా అపోహలన్నీ దీని పిల్లలే. ఒకసారి లెక్క వేద్దాం. పార్కు పదకొండు నుంచి ఆరు వరకు తెరిచి ఉందనుకోండి, ఏడు గంటలు. భోజనానికి ఒక గంట, లాకరుకూ బట్టలు మార్చుకోవడానికీ మరుగుదొడ్లకూ ఇంకో గంట పోతే మిగిలేది 300 నిమిషాలు. రద్దీ రోజున ఒక పెద్ద రైడుకు క్యూతో కలిపి 40 నిమిషాలు పడితే మీకు దక్కేవి ఏడు. బోర్డు మీద ఎన్ని పేర్లున్నా సరే, ఏడే.

మిర్యాలగూడ వైపు కుటుంబం ఒకటి వచ్చింది. కొత్త అల్లుడుగారు ఇరవై రెండు రైడ్లకు నిమిషాలతో సహా పట్టిక రాసుకొచ్చారు. మూడో రైడు దగ్గర క్యూ కదలలేదు. ఆయన వెళ్లి చెట్టు కింద కూర్చున్నారు. పెళ్లిలో తీరని అలకపాన్పు ముచ్చట అక్కడ తీరింది. భార్య, బావమరదులు, పిల్లలు చుట్టూ చేరి బతిమాలడంలో ముప్పావు గంట గడిచింది. చివరికి అత్తగారు రెండు సమోసాలు, ఒక మజ్జిగ తెచ్చి చేతిలో పెట్టారు. పది నిమిషాల్లో మనిషి మారిపోయాడు. తెల్లవారుజామున ఐదింటికి టీ తాగినవారు ఒంటిగంట దాకా ఏమీ తినలేదని అప్పుడు బయటపడింది.

అప్పటినుంచి నేనొక పద్ధతి పెట్టుకున్నాను. బస్సు చిట్యాల దాటగానే కాగితం పట్టుకుని సీటు సీటుకూ వెళతాను. ఒక్కొక్కరు ఒకే ఒక్క రైడు పేరు చెప్పాలి. ముందు అవి తీరాలి, తర్వాత ఎన్ని ఎక్కినా కొసరే.

అపోహ: ఖాళీ కడుపుతో ఉంటే వాంతులు రావు.

తల తిప్పడానికి మూలం కడుపులో కంటే చెవిలో ఎక్కువ. లోపలి చెవి కదలికను పసిగట్టి మెదడుకు ఒక కబురు పంపుతుంది, కళ్లు ఇంకో కబురు పంపుతాయి. రెండూ పొసగకపోతే వికారం మొదలవుతుంది. ఖాళీ కడుపు దాన్ని పెంచుతుంది, నిండా తిన్న బిర్యానీ కూడా పెంచుతుంది. ఎక్కడానికి గంట ముందు రెండు ఇడ్లీలు తింటే సరిపోతుంది. చాలా పార్కుల్లో బయటి తిండిని గేటు దగ్గరే ఆపేస్తారు కాబట్టి పులిహోర ఉంటే బస్సులోనే కానివ్వండి.

అపోహ: పొడవైన క్యూ అంటే ఎక్కువసేపు పడుతుంది.

తలలు లెక్కపెట్టే ముందు సీట్లు లెక్కపెట్టండి. నాలుగు నిమిషాలకోసారి ఇరవై నలుగురిని తీసుకెళ్లే రోలర్ కోస్టర్ ముందు 120 మంది ఉన్నా ఇరవై నిమిషాల్లో మీ వంతు వస్తుంది. నిమిషానికి ఇద్దరిని జారవిడిచే నీటి జారుబండ దగ్గర అరవై మందే ఉన్నా అరగంట నిలబడాలి. పైగా గేటు తెరవగానే జనమంతా మొదట కనిపించిన రైడుకే ఎగబడతారు. ఆ మొదటి గంటలో మీరు నేరుగా చివరికి నడవండి. నీటి రైడ్లు సాధారణంగా ఆలస్యంగా తెరుస్తారు, తడి బట్టలతో వేరే రైడ్లు ఎక్కనివ్వరు. అందుకే పొడి రైడ్లు ముందు, నీళ్లు తర్వాత.

అపోహ: మా వాడికి పదకొండేళ్లు, భయమే లేదు, ఎక్కనిస్తారు.

అక్కడ చూసేది వయసూ ధైర్యమూ కాదు, ఎత్తు. ఒడిలోకి దిగే ఇనుప కడ్డీ ఒక స్థాయి శరీరాన్ని పట్టి ఉంచేలా తయారవుతుంది. చిన్న శరీరం దాని కిందనుంచి జారిపోవచ్చు. 140 సెంటీమీటర్లు అడిగే రైడ్లు తక్కువేమీ కాదు. రెండు వేళ్లు తగ్గిన పిల్లవాడి కోసం మేనమామ కొలత కర్ర పట్టుకున్న కుర్రాడితో అరగంట వాదించడం నేను చూశాను. ఆ కుర్రాడు చేస్తున్నది పిల్లవాడికి మేలే. ముందురోజు రాత్రి ఇంట్లో తలుపు చెక్క మీద పెన్సిల్ గీత గీసి, ఎక్కలేనివి ఏవో పిల్లలకు అక్కడే చెప్పేయండి. ఇంట్లో ఏడిస్తే ఐదు నిమిషాలు, పార్కులో ఏడిస్తే చౌటుప్పల్ దాకా.

అపోహ: వారం మధ్యలో వెళితే ఖాళీగా ఉంటుంది.

డిసెంబరు, జనవరిలో కాదు. అప్పుడు బడి బస్సులు వరుస కడతాయి, అందులో నా పాపమూ కొంత ఉంది. సంక్రాంతి సంగతి వేరే చెప్పాలి. పండగ ముందు విజయవాడ వైపు వెళ్లే వాహనాలు పంతంగి టోల్ ప్లాజా దగ్గర బారులు తీరతాయి. పొద్దున మనం వెళ్లేటప్పుడు దారి బాగానే ఉంటుంది, రాత్రి తిరిగి వస్తూ ఇరుక్కుంటాం. పండగ తర్వాత ఇదే తిరగబడి, వెళ్లేటప్పుడే ఆగిపోతాం.

అపోహ: ఏ పార్కుకైనా నగరం దాటుకునే పోవాలి.

అక్కర్లేదు. 1996లో మొదలైన రామోజీ ఫిల్మ్ సిటీ నల్లగొండ నుంచి వెళ్లేవారికి నగరం కంటే ముందే తగులుతుంది. 2016లో రావిర్యాల దగ్గర తెరిచిన వండర్‌లాకు మనం పెద్ద అంబర్‌పేట దగ్గర, మహబూబ్‌నగర్ వారు శంషాబాద్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే చాలు. చిన్న కుటుంబమైతే నా బస్సు కూడా దండగే. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తెలంగాణ మహిళలకు ప్రయాణం ఉచితం. మిగిలిన డబ్బుతో లోపల నాణ్యంగా భోంచేయండి.

అపోహ: ఫిల్మ్ సిటీకి వెళితే షూటింగు చూడవచ్చు.

సెట్లు, తోటలు, ప్రదర్శనలు చూడవచ్చు. షూటింగు జరిగే చోటికి సందర్శకుల బస్సును తీసుకెళ్లరు. హీరో కనిపిస్తాడని పిల్లలకు మాట ఇవ్వకండి.

అపోహ: పెద్దవాళ్లకు అక్కడేం ఉంటుంది, సామాన్లు చూస్తూ కూర్చుంటారు.

నాకు కోపం తెప్పించేది ఇదొక్కటే. లాకరు అద్దె మిగులుతుందని ఒక మనిషిని రోజంతా బెంచీకి కట్టేస్తారు. నీటి రైడ్లకు నూలు చీర పనికిరాదన్నది నిజమే, పనికొచ్చే బట్టలు అక్కడే దొరుకుతాయి. గుండె జబ్బు, నడుము నొప్పి ఉన్నవారు కుదుపుల రైడ్లు మానాల్సిందే. కానీ మెల్లగా తిరిగేవి కూడా పార్కులో ఉంటాయి. అడిగితే కదా తెలిసేది.

ఆ అల్లుడుగారి కుటుంబం మరుసటి ఏడాది మళ్లీ వచ్చింది. కాగితం పట్టుకుని ముందుగా అత్తగారి దగ్గరికే వెళ్లాను. ఆమె కాసేపు ఆలోచించి జెయింట్ వీల్ అన్నారు. చిన్నప్పుడు చెర్వుగట్టు జాతరలో రంగులరాట్నం ఎక్కారట, మళ్లీ ఎక్కలేదట. గేటు తెరవగానే అందరం అటే నడిచాం. ఆమె రెండుసార్లు ఎక్కారు. కింద బెంచీ మీద సంచులన్నీ ఒడిలో పెట్టుకుని, టిఫిన్ చేసిన మొహంతో, అల్లుడుగారు కూర్చున్నారు.