బైరాగిపట్టెడ పార్కులోకి జనం ఎలా వచ్చారు

తిరుమల వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల గొడవ మళ్లీ మొదటికొచ్చింది. తిరుపతిలో కౌంటర్లు పెట్టి పాతపద్ధతిలో చేతికే టోకెన్ ఇవ్వాలని ఒక వాదన. ఆన్‌లైన్ లక్కీడిప్పే మేలు, 2025 జనవరి 8 రాత్రి మర్చిపోయారా అని ఇంకో వాదన. రెండు పక్షాలూ ఆ రాత్రినే సాక్ష్యానికి పిలుస్తున్నాయి. ఆ రాత్రి ఏం జరిగిందో మాత్రం రెండూ సగమే చెబుతున్నాయి.

తిరుపతిలో ఎవరిని కదిలించినా చెప్పే సంగతి కాబట్టి క్లుప్తంగా సరిపెడతాను. వైకుంఠ ఏకాదశి జనవరి 10న. పది రోజుల ద్వార దర్శనంలో మొదటి మూడు రోజులకు కలిపి లక్షా 20 వేల టోకెన్లు. 9వ తేదీ తెల్లవారుజామున 5 గంటలకు నగరంలో ఎనిమిది చోట్ల ఇస్తామన్నారు. జనం 8వ తేదీ పొద్దుటి నుంచే దిగారు. బైరాగిపట్టెడలో స్కూలు దగ్గరి కౌంటర్ల కోసం వచ్చినవాళ్లను పక్కనే ఉన్న పద్మావతి పార్కులోకి పంపి గేటు వేశారు. రాత్రి ఆ గేటు తీశారు. నగరంలో ఆ రాత్రి తోపులాటల్లో ఆరుగురు చనిపోయారు, నలభై మంది దాకా గాయపడ్డారు.

అధికారుల కథనం గేటు దగ్గర మొదలై గేటు దగ్గరే ముగుస్తుంది. లోపల ఒకామెకు ఒంట్లో బాగాలేకపోతే బయటికి తీసుకురావడానికి గేటు తెరిచారు, టోకెన్లు ఇస్తున్నారనుకుని జనం ఒక్కసారిగా తోసుకొచ్చారు. చర్యలూ దానికి తగ్గట్టే ఉన్నాయి. ఒక డీఎస్పీ, టీటీడీ గోశాల అధికారి సస్పెండ్ అయ్యారు. జిల్లా ఎస్పీ, టీటీడీ జేఈవో (సంయుక్త కార్యనిర్వహణాధికారి), సీవీఎస్‌వో (భద్రతా విభాగం అధిపతి) బదిలీ అయ్యారు. చనిపోయినవారి కుటుంబాలకు 25 లక్షల చొప్పున పరిహారం ప్రకటించారు. విశ్రాంత న్యాయమూర్తి జస్టిస్ ఎం. సత్యనారాయణ మూర్తితో విచారణ వేశారు. అక్కడ సిద్ధంగా ఉంచిన అంబులెన్సుకు డ్రైవర్ ఇరవై నిమిషాల పాటు దొరకలేదని ప్రభుత్వానికి నివేదిక వెళ్లినట్టు అప్పటి పత్రికల్లో వచ్చింది. బండి ఉంది, తాళం ఎవరి దగ్గరుందో తెలియదు. మన దగ్గర ‘అన్ని ఏర్పాట్లూ పూర్తి’ అనే మాటకు చాలాసార్లు అర్థం ఇంతే.

ఆ గేటు లోపల కూర్చున్నవాళ్లు చెప్పింది వేరు. పొద్దుటి నుంచి అక్కడే ఉన్నాం, ఎప్పుడు వదులుతారో చెప్పలేదు, ఒక్కసారిగా తీశారు అన్నది వాళ్ల మాటల సారాంశం. పైకి మామూలు ఫిర్యాదులా వినిపిస్తుంది కానీ, నాకు అసలు సంగతి అందులోనే కనిపిస్తుంది.

పార్కులో వరుస ఉండదు. పొద్దున ఆరింటికి వచ్చిన మనిషీ, సాయంత్రం ఆరింటికి వచ్చిన మనిషీ అక్కడ ఒకటే. చేతిలో నంబరు లేదు, ముందెవరో వెనకెవరో రాసిన కాగితం లేదు. గేటు తెరిచిన క్షణాన ఎవరు దగ్గరుంటే వాళ్లదే మొదటి స్థానం. పన్నెండు గంటలు కూర్చుని చెట్టు కింద కునుకు తీసిన ముసలామె చివరికి పోతుంది. అలాంటి చోట గేటు కదిలితే ఎవరు లేవకుండా ఉంటారు? లేవకపోతే నష్టపోయేలా ఏర్పాటు చేసి, లేచారని తప్పుపట్టడం భలే న్యాయం.

తిరుమల కొండ మీద ఇలా ఉండదు. వైకుంఠం క్యూ కాంప్లెక్సులో 31 కంపార్ట్‌మెంట్లు ఉన్నాయి. అవి నిండి శిలాతోరణం దాకా లైను పాకిందన్న వార్త తిరుపతి వాళ్లకు వాతావరణ సమాచారం లాంటిది. ఒకసారి కంపార్ట్‌మెంటులో కూర్చుంటే ముందు దాన్ని వదిలాకే మనది వదులుతారు. తోసినా ఒరిగేదేమీ లేదు, కాబట్టి తోసేవాళ్లూ తక్కువే. పాలు, అన్నప్రసాదం లోపలికే వస్తాయి, మరుగుదొడ్లు అక్కడే ఉంటాయి. గంటల కొద్దీ కూర్చోబెడుతున్నారని తిట్టుకుంటాం గానీ, జనాన్ని ఆపి ఉంచడానికే కట్టిన చోటు అది. గరుడసేవ రోజున మాడవీధుల గ్యాలరీల్లో రెండు లక్షల మంది దాకా సర్దుకుంటారు. ముందుగానే ఘాట్ రోడ్డులో బైకులు ఆపేస్తారు. ఎక్కడ నిండింది, ఎటు నుంచి ఖాళీ చేయాలి అన్నది ఏళ్ల తరబడి చేసి నేర్చుకున్న విద్య. అంటే ఈ సంస్థకు చేతకాక కాదు.

మరి ఆ జనం కొండ దిగి, నగరంలోని స్కూళ్లకూ పార్కులకూ ఎలా వచ్చారు? దర్శనం టైము ఇచ్చి చేతికి కట్టే సుదర్శనం కంకణాల కాలం నుంచి చెప్పుకొస్తే కథ పెద్దదవుతుంది, ఉద్దేశమూ మంచిదే: కింద టైము ఇచ్చేస్తే పైన పడిగాపులు తగ్గుతాయి. నా లెక్కలో మలుపు 2022 ఏప్రిల్ 12న వచ్చింది. కొవిడ్ ఆంక్షలు సడలాయి, జనం వెల్లువెత్తారు. మధ్యలో కొన్ని రోజులు సర్వదర్శనం (ఉచిత దర్శనం) టోకెన్లు ఆపి ఆ రోజు మళ్లీ మొదలుపెట్టారు. గోవిందరాజస్వామి సత్రాల దగ్గరా, మిగతా కేంద్రాల దగ్గరా బారికేడ్లు ఊగిపోయాయి. చంటిపిల్లల్ని తలల మీదికెత్తి పట్టుకున్నారు. ముగ్గురికి గాయాలయ్యాయి, అదృష్టం బాగుండి ఎవరూ చనిపోలేదు.

అప్పుడు టీటీడీ చేసిన పని చూడండి. టోకెన్లు రద్దు చేసి అందరినీ నేరుగా తిరుమలకు పంపేసింది. తోపులాట ఆగింది. పైన ఎక్కువసేపు కాచుకోవాల్సి వచ్చింది, అంతే. పంచే చోటు ప్రమాదమని, ఆపి ఉంచడానికి కట్టిన చోటు భద్రమని ఆ ఒక్క రోజే తేలిపోయింది. అయినా ఎవరూ చనిపోలేదు గనుక అది పాఠం కాలేదు. ఆ నవంబరు 1 నుంచి శ్రీనివాసం, భూదేవి కాంప్లెక్స్, గోవిందరాజస్వామి సత్రాల దగ్గర టోకెన్లు మళ్లీ మొదలయ్యాయి.

దీనికి పది రోజుల ద్వార దర్శనం తోడైంది. అంతకు ముందు ఏకాదశి, ద్వాదశి రెండు రోజులే ఉండేది. 2020 డిసెంబరులో పది రోజులకు పెంచారు, రద్దీ పలచబడుతుందని. కాగితం మీద పలచబడింది కూడా. అయితే ఏకాదశి నాడు ఉత్తర ద్వారం నుంచి పోవాలన్న కోరిక పదింటికి పంచితే పంచబడేది కాదు. పైగా మూడు రోజుల టోకెన్లన్నీ ఒకే తెల్లవారుజామున, అయిపోయేదాకా ఇస్తామన్నారు. మూడు రోజుల జనాన్ని ఒకే రాత్రికి పిలిచినట్టయింది.

‘తొక్కిసలాట’ అన్న మాటతోనే నాకు పేచీ. ఆ మాటలోనే ఎవరో తొక్కారన్న నింద ఉంది. ఇలాంటి చోట్ల చాలామంది నిలబడే చనిపోతారు, ఛాతీ నలిగి ఊపిరాడక. చదరపు మీటరుకు నలుగురి దాకా మనిషి తన కాళ్ల మీద తాను కదలగలడు. ఆరుగురు, ఏడుగురు అయితే అడుగు వేయడం కూడా మన చేతిలో ఉండదు, అల కొట్టినట్టు గుంపే మోసుకుపోతుంది. వెనకున్నవాళ్లకు ముందు ఎవరో పడ్డారని తెలియదు. అందుకే ఎంతమంది పడతారో ముందే లెక్క కట్టాలని, లోపలికి ఒక దారి, బయటికి వేరే దారి ఉండాలని, ఎవరు ఎవరికి చెప్పాలో రాసిపెట్టుకోవాలని జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2014లోనే పుస్తకం వేసింది. బైరాగిపట్టెడలో జబ్బుపడ్డ మనిషిని బయటికి తేవడానికి జనం ఎదురుచూస్తున్న గేటునే తెరవాల్సి వచ్చింది. వేరే చిన్న దారి ఒకటి ఉండుంటే ఆ రాత్రి ఈ కథ ఉండేది కాదేమో.

ఆ తర్వాతా రాష్ట్రంలో ఇదే వరస. 2025 నవంబరు 1న, కార్తీక ఏకాదశి నాడు, శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గ గుడిలో జరిగిన తోపులాటలో తొమ్మిది మంది చనిపోయారు. అది ప్రైవేటు గుడి, మా పరిధి కాదని అధికారులు అన్నారు. కందుకూరు, గుంటూరు సభల్లో తోపులాట దుర్ఘటనల తర్వాత 2023 జనవరిలో వచ్చిన జీవో నంబర్ 1 రోడ్ల మీద సభలనే కట్టడి చేయబోయింది. హైకోర్టు దాన్ని కొట్టేసింది. మనకు వెంటనే తోచేది రెండే: వద్దనడం, లేదంటే ఒకరిని సస్పెండ్ చేయడం.

ఇక లక్కీడిప్. 2025 డిసెంబరు 30న వచ్చిన ఏకాదశికి మొదటి మూడు రోజులూ ఆన్‌లైన్ డిప్‌కే వదిలి, మిగతా ఏడు రోజులూ టోకెన్ లేకుండా నేరుగా క్యూ కాంప్లెక్సులోకి రానిస్తామన్నారు. 2022 ఏప్రిల్‌లో చేసిందే, ఈసారి ముందే చెప్పి చేశారు. డిప్ వద్దనేవాళ్ల బాధలో నిజం లేకపోలేదు. స్మార్ట్‌ఫోన్ లేని కూలీకి, ఓటీపీ అంటే టెన్షన్ పడే పెద్దాయనకు ఏకాదశి దూరమైంది. తిరుపతిలో పుట్టి పెరిగినవాళ్లకు అది మరీ కష్టంగా ఉంది. కానీ కౌంటర్లు మళ్లీ పెట్టమనేవాళ్లు, ఆ జనాన్ని రాత్రంతా ఎక్కడ కూర్చోబెడతారో చెప్పడం లేదు. డిప్ కావాలనేవాళ్లు, ఫోన్ లేని మనిషికి దారేమిటో చెప్పడం లేదు. వచ్చినవాడికి వచ్చినట్టు నంబరు చీటీ రాసిచ్చి, ఫలానా టైముకు రమ్మని ఇంటికో సత్రానికో పంపేయడం గురించి ఇద్దరూ ఎత్తడం లేదు.

వాదనంతా పది రోజుల గురించే. మామూలు రోజుల సర్వదర్శనం టోకెన్లు నగరంలోనే ఇస్తున్నారు. వాటి కోసం శ్రీనివాసం దగ్గర జనం అర్ధరాత్రి నుంచే బ్యాగులు తలకింద పెట్టుకుని రోడ్డు పక్కన పడుకుని ఉంటారు.